బొమ్మకు పేరు, చేతికి పేరు

సంక్రాంతి దినములలో గోదావరి డెల్టాలో ఏ యూరికి పోయినను, కడియమునకు పోయినను, దాని చుట్టుపట్ల కాలువగట్టు పల్లెలకు పోయినను, కొన్ని యిండ్లలో బొమ్మల కొలువు కానవచ్చును. మెట్లు మెట్లుగా బల్లలు పేర్చి, వానిపై తెల్లని వస్త్రము పరచి, పై మెట్టున దేవతలను, నడిమి మెట్లపై రాజులను, పండితులను, అడుగు మెట్టున పల్లెటూరి సంసారమును నిలుపుదురు. దశావతారములు ఒక వరుస. అంబారీ యేనుగు ఒక ప్రక్క. తాటిచెట్టు నెక్కు గీతగాడు, ఎడ్లబండి, చల్ల చిలుకు ఇల్లాలు మరియొక ప్రక్క. పేరంటమునకు వచ్చినవారు చూచి సంతోషింతురు. పిల్లలు ఒక్కొక్క బొమ్మ పేరును అడిగి తెలిసికొందురు. పండుగ వెళ్లిన పిదప బొమ్మలను గుడ్డలలో చుట్టి మరల పెట్టెలలో భద్రపరతురు.

ఈ కాలమున ఆ కొలువును ఫొటో తీయని యిల్లు అరుదు. ఆ ఫొటోలో బొమ్మ ముఖము నిలిచియుండును. కాని ఆ బొమ్మను చెక్కినవా రెవరు? అది ఏ చెట్టు కొయ్య? ఏ సంవత్సరమున, ఎవరి పెండ్లికో పురుటికో, ఎవరు కొని తెచ్చిరి? ఈ ప్రశ్నలకు ఫొటో బదులు చెప్పదు. ఇంటి పెద్దలు పోయిన పిమ్మట చెప్పువారును ఉండరు. ఒక యింటి ఆల్బములో జరుగు ఈ నష్టమే గొప్ప గొప్ప గ్రంథములలోను జరిగినది. బొమ్మను పుస్తకములోనికి ఎక్కించునపుడు ఏది దక్కుచున్నది, ఏది జారిపోవుచున్నది అనునదే ఈ ప్రసంగమునకు విషయము. మన కొండపల్లి బొమ్మతో మొదలిడి, అమెరికాలోని హోపీ, జూనీ జాతుల కొయ్యబొమ్మల చరిత్రను చూచి, తిరిగి మన యింటికి వత్తము.

కొండపల్లి విజయవాడకు చేరువనున్న ఊరు. రెడ్డిరాజుల నాటి కొండకోటకు అదియెంత ప్రసిద్ధమో, కొయ్యబొమ్మలకు అంతకంటె ప్రసిద్ధము. అచ్చటి బొమ్మలకు ఆధారము తెల్లపొణికి అను చెట్టు. ఇది మెట్టకొండల అడవులలో పెరుగును. కొయ్య మిగుల తేలిక, మిగుల మెత్తన. ఉలికి లొంగును, త్వరగా బీటలువారదు. కొయ్యను ముందుగా ఎండబెట్టి, పిమ్మట సన్నని సెగపై కాచి అందలి తేమను పోగొట్టుదురు. మొండెము ఒకటిగను, చేతులు, కాళ్లు, పట్టుకొను వస్తువులు వేరువేరుగను చెక్కుదురు. వీనిని అతుకుటకు మక్కు అను ముద్ద కావలెను. చింతగింజల పిండిని రంపపుపొట్టుతో కలిపి దానిని చేయుదురు. అతుకులు ఆరిన పిదప ఆకురాయితో నునుపుచేసి, తెల్లని సుద్దపూత పూసి, దానిపై మేకవెంట్రుకల కుంచెతో రంగులు దిద్దుదురు. ఇది ఇంటిల్లిపాదియు పాలుపంచుకొను పని.

ఈ పని చేయు కుటుంబములవారిని ఆర్యక్షత్రియులందురు; నకాషీ పనివారనియు వ్యవహారము కలదు. తమ పూర్వులు కొన్ని వందల యేండ్ల క్రిందట రాజస్థానము నుండి వచ్చిరనియు, తమ మూలపురుషుడు ముక్తర్షి యనియు వారు చెప్పుకొందురు. వారు చేయు బొమ్మలలో దేవతలు కొలదిమందియే. ఎక్కువ భాగము మన పల్లె బ్రదుకు: రైతు, వడ్లు దంచు స్త్రీ, పంచాంగము చేతబట్టిన బ్రాహ్మణుడు, పల్లకి మోయు బోయీలు. ఒక కాలపు తెలుగుదేశము ఏ దుస్తులు ధరించెనో, ఏ పనిముట్లు వాడెనో తెలిసికొనగోరువారికి ఈ బొమ్మలు కొయ్యతో వ్రాసిన చరిత్ర.

ఈ చరిత్ర అచ్చులోనికి ఎట్లు వచ్చినది? ఆంగ్లప్రభుత్వపు కాలమున గెజెటీరులు వ్రాసిన ఉద్యోగులు కొండపల్లిని గూర్చి చెప్పుచు, తేలిక కొయ్యతో బొమ్మలు చేయు పరిశ్రమను ఒకటి రెండు వాక్యములలో పేర్కొనిరి. స్వాతంత్ర్యానంతరము 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడెను. చేతిపనుల యెడ దేశమున క్రొత్త శ్రద్ధ పుట్టెను. 1954లో కమలా డొంగర్‌కెరీ భారతీయ బొమ్మల లోకమును చుట్టివచ్చినట్లు ఒక గ్రంథము వెలువరించిరి. 1956లో అజిత్ ముఖర్జీ భారతదేశపు జానపద బొమ్మలను గూర్చి చిత్రములతో గూడిన గ్రంథమును ప్రకటించిరి. 1961 నాటి జనాభా లెక్కలు ఇంకొక మెట్టు పైకి పోయినవి. అప్పటి రిజిస్ట్రార్ జనరల్ అశోక్ మిత్రా పూనికతో తలలెక్క మాత్రమే గాక గ్రామములు, జాతరలు, చేతిపనులు కూడ పరిశీలింపబడెను. ఆంధ్రప్రదేశ్ భాగమున ఎంపికచేసిన చేతిపనులను గూర్చియు, జిల్లాలవారీగా జాతరలు పండుగలను గూర్చియు సంపుటములు వెలువడెను.

ఈ గ్రంథములకు మనము ఋణపడియున్నాము. అవి లేకున్నచో ఎన్నో పనితీరులు వ్రాతకెక్కకయే మాసిపోయెడివి. అయినను ఇట్టి గ్రంథములలో సాధారణముగా చిత్రము క్రింద కనబడునది ఊరి పేరు, కొయ్య పేరు, కులము పేరు. “కొండపల్లి బొమ్మ” అనుటతో చిత్రపరిచయము ముగియును. చెక్కినవాని పేరుండదు. కొండపల్లి బొమ్మ మీదను సంతకముండు ఆచారము లేదు. కనుక ఊరి పేరే చేతి పేరైనది. ఒక కవి పద్యమును “ఆ యూరివారి పద్యము” అని మాత్రమే అచ్చువేసినచో మనము ఒప్పుకొందుమా?

ఇట్టి ప్రశ్న మనకు మాత్రమే వచ్చినది కాదు. మెత్తని కొయ్యతో బొమ్మలు చెక్కు మరియొక జనము కలదు. వారి బొమ్మలను గూర్చి ప్రపంచములో వెలువడినన్ని చిత్రగ్రంథములు మరి యే బొమ్మలను గూర్చియు వెలువడలేదేమో! అందుచే వారి యనుభవము మనకు పాఠముగా నుండదగును.

అమెరికా సంయుక్త రాష్ట్రములకు నైరృతి భాగమున అరిజోనా రాష్ట్రమున్నది. దాని ఉత్తర భాగమున, బల్లపరుపు కొండల కొనలపై హోపీ జాతివారి గ్రామములున్నవి. వానిలో ఒరైబీ అనునది ఆ దేశమున ఎడతెగక జనావాసముగా నున్న మిక్కిలి ప్రాచీన గ్రామములలో నొకటి. దాని తూర్పున న్యూమెక్సికో రాష్ట్రపు పడమటి యంచున జూనీ జాతివారున్నారు. ఇరువురును ఆదిమ అమెరికనులే. ఇరువురును మొక్కజొన్న పండించు రైతులే. ఇరువురి భూమియు వాన కరవైనదే. అందుచేత వారి ఆరాధన యంతయు వాన చుట్టును తిరుగును. వానకై కప్పతల్లిని ఆడించు మన పల్లెలకు ఈ భావము క్రొత్త కాదు.

హోపీల విశ్వాసము ననుసరించి మేఘములకు, పంటలకు, మృగములకు, గతించిన పెద్దలకు సంబంధించిన దివ్యాత్మలు కలవు. వీనిని కచీనాలందురు. అవి శాన్ ఫ్రాన్సిస్కో శిఖరములను పర్వతములపై నివసించును. శీతకాలమున గ్రామములకు వచ్చి, సుమారు ఆరు మాసములుండి, జూలైలో నిమాన్ అను ఉత్సవముతో తిరిగి పోవును. ఆ మాసములలో పురుషులు ముసుగులు, వేషములు ధరించి కచీనాలుగా నృత్యము చేయుదురు. ఆ రూపములనే చిన్న బొమ్మలుగా చెక్కి బాలికలకు కానుకగా నిత్తురు. ఈ బొమ్మను పూజింపరు, గోడకు వ్రేలాడగట్టుదురు. బిడ్డ దానిని చూచి చూచి ఒక్కొక్క కచీనా రూపమును, గుణమును నేర్చుకొనును. మన కొలువు మెట్ల ముందు కూర్చుండి దశావతారములను వరుసగా చెప్పనేర్చిన బాలికకును, ఆ హోపీ బాలికకును చదువు చెప్పినది బొమ్మయే.

కొయ్యలోను ఒక పోలిక కలదు. హోపీలు వాడునది కాటన్‌వుడ్ అను చెట్టు వేరు. ఆ చెట్టు ఆకులు మన రావియాకులవలె చిన్నగాలికే రెపరెపలాడును. వేరు నీటిని వెదకికొనుచు పోవును. ఎండిన వేరు తెల్లపొణికివలె తేలికగను మెత్తగను ఉండును. జూనీలు చెక్కు బొమ్మలు హోపీ బొమ్మలకంటె సాధారణముగా పొడవైనవి. పెక్కింటికి చేతులు కదలునట్లు అమర్చి, గుడ్డలు తోళ్లు తొడుగుదురు.

ఇక పుస్తకముల కథ. 1894లో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ అను పండితుడు హోపీ బొమ్మలను గూర్చి ఒక పరిశోధన వ్యాసము ప్రకటించెను. వాషింగ్టనులోని అమెరికన్ జాతిశాస్త్ర కార్యాలయము పక్షమున ఆయనయే హోపీ చిత్రకారులచేత కచీనాల చిత్రములు వ్రాయించెను. అవి 1903లో ఆ కార్యాలయపు వార్షిక నివేదికలో రంగులతో అచ్చైనవి. వ్రాసిన చిత్రకారుల పేర్లను ఆయన గ్రంథమున చెప్పెను: కుచాహొనౌ, హొమొవి, వినూత. ఈ చిత్రలేఖనము గ్రామములో కలవరమునకు కారణమయ్యెను. ఇది క్షుద్రవిద్య యను వదంతి కూడ పుట్టెను. రూపమును కాగితముపై పెట్టి బయటికి పంపుట చిన్న సంగతి కాదని ఆ గ్రామస్థులు ఆనాడే గ్రహించిరి.

అదే కాలమున కెమెరా వచ్చెను. 1890ల నుండి ఫొటోగ్రాఫర్లు, యాత్రికులు గుంపులు గుంపులుగా హోపీ ఉత్సవములకు రాసాగిరి. ఆడమ్ వ్రోమన్, ఎడ్వర్డ్ కర్టిస్ మొదలైనవారి ఛాయాచిత్రములు లోకప్రసిద్ధములు. కర్టిస్ 1907 నుండి 1930 వరకు ప్రకటించిన 20 సంపుటములలో పండ్రెండవది హోపీలను గూర్చినది. ఉత్సవము జరుగుచుండ ముందు వరుసలో కెమెరాల కాళ్లు నిలిచినవి. కొలుచుటకు వచ్చినవారికంటె చూచుటకు వచ్చినవారు ఎక్కువైరి. తుదకు 1910ల నుండి హోపీ గ్రామములు ఉత్సవములలో ఫొటోలు తీయుటను నిషేధించినవి. ఆ నిషేధము నేటికిని కలదు. నృత్యమును తీయరాని కెమెరా బొమ్మవైపు తిరిగెననవచ్చును. బొమ్మను బజారులో కొనవచ్చును, బల్లపై పెట్టవచ్చును, ఎన్ని ఫొటోలైనను తీయవచ్చును.

1932లో రూత్ బంజెల్ అను విదుషి జూనీ కచీనాలను గూర్చి విపులమైన గ్రంథము వెలువరించెను. 1949లో హెరాల్డ్ కోల్టన్ హోపీ కచీనా బొమ్మలను గుర్తుపట్టు విధానమును చెప్పు పుస్తకమును ప్రకటించెను. 1959లో దానిని సవరించి మరల ముద్రించిరి. కోల్టన్ మొదట జంతుశాస్త్రజ్ఞుడు. 1928లో ఉత్తర అరిజోనా మ్యూజియమును స్థాపించుటలో ఆయన, ఆయన భార్య ముఖ్యులు. కడియపులంక నర్సరీలో అనుభవజ్ఞుడైన తోటమాలి ఆకు అంచును, కణుపును, పూత రంగును చూచి మొక్క పేరు చెప్పునట్లు, బొమ్మ ముఖముపై గీతలను, చెవుల తీరును, ముక్కు ఆకారమును చూచి అది యే కచీనాయో చెప్పు మార్గమును ఆయన ఏర్పరచెను. ఒక్కొక్క కచీనాకు ఒక్కొక్క సంఖ్య నిచ్చెను.

ఇది గొప్ప మేలు. పేరు లేక మ్యూజియముల అలమారులలో పడియున్న బొమ్మలు తమ పేర్లను తిరిగి పొందినవి. అయితే దీనికి మరియొక ముఖము కలదు. జాబితా చేతికి వచ్చిన పిమ్మట సేకరించువారు ఏ సంఖ్య తమ వద్ద లేదో చూచుకొని దానికై వెదకసాగిరి. సేకరణలు పెరిగినవి. అరిజోనాకు చెందిన రాజకీయనాయకుడు బారీ గోల్డ్‌వాటర్ 1964లో ఫీనిక్స్ నగరపు హర్డ్ మ్యూజియమునకు నాలుగు వందలకు పైగా కచీనా బొమ్మలను దానము చేసెను. బొమ్మకు పేరు, సంఖ్య, ధర ఏర్పడినవి. చెక్కిన చేతికి మాత్రము చాలకాలము వరకు పేరు రాలేదు. 1903లో చిత్రకారుల పేర్లు చెప్పిన మంచి సంప్రదాయము బొమ్మల పుస్తకములలో నిలువలేదు.

అంగడి బొమ్మను కూడ మార్చినది. పూర్వపు బొమ్మ చేతులు పొట్టకు చేర్చుకొని నిలిచిన సాదా రూపము. గోడకు కట్టుటకు పీఠముతో పనిలేదు. కొనువారు బల్లపై నిలుపగోరిరి గనుక క్రింద పీఠము వచ్చినది. చూడ చమత్కారముగా నుండవలెనని కోరిరి గనుక నాట్యపు భంగిమలు వచ్చినవి. గ్రద్ద మొదలైన పక్షుల ఈకల అమ్మకమును చట్టము నిషేధించుటచే, అమ్మకపు బొమ్మలకు ఈకలను కూడ కొయ్యతోనే చెక్కసాగిరి. అందువలన పనితనము ఆశ్చర్యకరముగా పెరిగినది. మన కొండపల్లిలోను కొనువారి కోరిక బొమ్మను మార్చలేదా? ఎనామెలు రంగులు వచ్చినవి. బల్లపై పెట్టుకొను అలంకారముగా బొమ్మను కొనువారు పెరిగిరి. మార్పు తప్పు కాదు. ఏ బొమ్మ యే కాలమున ఎవరికొరకు చేయబడినదో వ్రాసియుంచకున్నచో, నేటి అంగడి రూపమే అనాది రూపమని రేపటివారు భ్రమింతురు. అదియే ప్రమాదము.

1991లో హెల్గా టైవెస్ అను ఫొటోగ్రాఫరు హోపీ శిల్పులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఈ పుస్తకమున బొమ్మలతో పాటు వానిని చెక్కువారి ముఖములు, వారి పేర్లు, వారి మాటలు కలవు. ఇంతకాలము బొమ్మవైపు మాత్రమే చూచిన కెమెరా, ఉలి పట్టిన చేతివైపు తిరిగెను. 1995లో ఇంకొక ముందడుగు పడెను. ఆల్ఫ్ సెకకూకు అను హోపీ రచయిత తమ కచీనా సంప్రదాయమును తమ పంచాంగము ననుసరించి తానే వివరించుచు గ్రంథము రచించెను. దానిని హర్డ్ మ్యూజియము తోడ్పాటుతో ప్రకటించిరి. ఏది చెప్పవలెను, ఏది చెప్పరాదు అను నిర్ణయము ఆ యింటివారి చేతికి వచ్చినది. ఫ్యూక్స్ మొదటి వ్యాసమునకును దీనికిని నడుమ నూరేండ్లు గడచినవి.

చెప్పరానిది కూడ ఉండునా యని కొందరు అడుగవచ్చును. ఇందుకు జూనీల కథ సమాధానము. వారు అహయూదా అను యుద్ధదేవతల మూర్తులను కొయ్యతో చెక్కి, ఆరుబయట నున్న స్థానములలో నుంతురు. ఇవి బిడ్డలకిచ్చు బొమ్మలు కావు, గ్రామరక్షకులు. ఎండకు ఎండి, వానకు తడిసి, క్రమముగా మట్టిలో కలిసిపోవుటయే వాని ధర్మము. ఇవి జాతి యంతటి సొత్తు. ఏ యొక్కరికిని అమ్ము హక్కు లేదు. అయినను పెక్కు మూర్తులు మ్యూజియములకును, సేకరణకారుల యిండ్లకును చేరినవి. అచ్చట వానికి మందులు పూసి, అద్దాల పెట్టెలలో కాపాడిరి. 1978లో జూనీ మతపెద్దలు వానిని తిరిగి యిమ్మని అడుగ నారంభించిరి. 1980లో డెన్వరు కళా మ్యూజియము తన వద్దనున్న మూర్తుల నిచ్చివేసెను. 1990లో అమెరికా కాంగ్రెసు ఆదిమజాతుల అస్థికలను, పవిత్ర వస్తువులను తిరిగి యిచ్చుటకై చట్టము చేసిన పిమ్మట ఈ పని వేగము పుంజుకొన్నది.

కాపాడిన మూర్తిని శిథిలమగుటకు తీసికొనిపోవుట విచిత్రముగా తోచునేమో! గోదావరి తీరమున నున్న మనకు అట్లు తోచనక్కరలేదు. తొమ్మిది దినములు పూజించిన మట్టి వినాయకుని గోదావరిలో విడిచివచ్చునది మనమే. ఆ మూర్తి మిగుల అందముగా నున్నదని ఎవరైన నీటినుండి తీసి అలమారులో దాచినచో దానిని భక్తి యనము. మూర్తి పని నీటిలో కరిగి ముగియవలెను. జూనీల వాదమును గ్రహించుటకు మనకీ యొక్క పోలిక చాలును.

అన్ని చోట్లను ఈ వాదము గెలువలేదు. 2013 ఏప్రిలులో ప్యారిస్ నగరమున హోపీల పవిత్రమైన ముసుగులు పదులకొలది వేలమునకు వచ్చినవి. హోపీలు అభ్యంతరము చెప్పిరి. విషయము న్యాయస్థానమునకు పోయెను. అయినను వేలము ఆగలేదు. అదే సంవత్సరము డిసెంబరులో జరిగిన ఇంకొక వేలమున అన్నెన్‌బర్గ్ ఫౌండేషను అను సంస్థ 24 వస్తువులను గోప్యముగా కొని, హోపీ, అపాచీ జాతులకు తిరిగి యిచ్చుటకు పూనుకొనెను. అమ్మకపు పట్టికలో ఛాయాచిత్రముగా అచ్చైన ముసుగు కొనువానికి కళాఖండము. హోపీకి అది ప్రాణముగల బంధువు. చిత్రము ఒక్కటే. చూచు కన్నులు రెండు.

ఇప్పుడు మన కొలువు చెంతకు తిరిగి వత్తము. కొండపల్లి బొమ్మకు ఇంతటి రహస్యము లేదు. అది అందరు చూచుటకే పుట్టినది. కనుక దానిని ఫొటో తీయుటకు, అచ్చువేయుటకు సంకోచింప బనిలేదు. మనకు కావలసినది జారిపోయిన సంగతులను చేర్చుట.

మొదటిది చేతి పేరు. మన ప్రాంతమున చేతికి పేరు వచ్చిన సందర్భములు లేకపోలేదు. ఏటికొప్పాకలో లక్కపూత కొయ్యబొమ్మలకు చెట్ల నుండి, గింజల నుండి తీసిన రంగులను మరల వాడుకలోనికి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ లభించెను. 2025 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటముపై ఏటికొప్పాక బొమ్మలు ఊరేగినవి. ఆ గౌరవము ఒక్కరికి, ఒక్కనాడు వచ్చి ఆగరాదు. బొమ్మ కొన్ననాడు చెక్కినవారి పేరడిగి పీఠము అడుగున వ్రాసికొనుటకు ఏ ప్రభుత్వపు అనుమతియు అక్కరలేదు. అంగడివాడు చెప్పలేనిచో ఆ ప్రశ్న అంగడి నుండి పనివాని యింటి వరకు పోవును. పదిమంది అడిగినచో పదునొకండవ బొమ్మపై పేరు తనంతట తానే వచ్చును.

రెండవది సందర్భము. ఏ పండుగకు కొన్నారు, కొలువులో ఏ మెట్టున నుంతురు, పెద్దలు దానిని ఏ పేరుతో పిలుతురు, పిల్లలకు దానిని చూపి ఏ కథ చెప్పుదురు – ఇవి పుస్తకములలో లేవు, ఇండ్లలో నున్నవి. డెబ్బదియేండ్ల అవ్వ నోట నున్న ఈ సంగతులను ఒక నోటుపుస్తకమున వ్రాసినచో, ఆ పుటలు రేపటి చరిత్రకారునకు పెద్ద గ్రంథముతో సమానము. సంక్రాంతి కొలువును ఫొటో తీయునపుడు మెట్టుమెట్టుకు ఒక ఫొటో తీసి, దాని వెనుకనో, ప్రక్కనో ఈ నాలుగు మాటలు చేర్చినచో చాలును. రేడియో బొమ్మను చూపజాలదు, మాటలతోనే చెప్పవలెను. ఆ యలవాటు ఫొటోలకును కొంత అబ్బవలెను.

మూడవది చెట్టు. తెల్లపొణికి కొయ్య కొరత కొండపల్లి పనివారిని చాలకాలముగా బాధించుచున్నది. నరికినంత వేగముగా నాటుట జరుగలేదు. చెట్టు పోయినచో బొమ్మ పుస్తకములోనే మిగులును. ఇచ్చటనే కడియము గుర్తుకు రావలెను. కడియము, కడియపులంకల నర్సరీలలో పెరిగిన మొక్కలు దేశములోని దూరప్రాంతములకు లారీలపై పోవుచున్నవి. ఏ దేశపు పూలమొక్కనైనను బ్రదికించు చేతులు అచ్చట కలవు. తెల్లపొణికి మెట్టకొండల చెట్టు; డెల్టా బురదనేల దానికి స్వస్థలము కాదు. కాని నారు పెంచుట ఒకచోట, నాటుట మరియొకచోట అనునదే నర్సరీల వ్యాపారపు మర్మము. అలంకారపు మొక్కల వరుసల నడుమ తెల్లపొణికి నారుకు ఒక మడి కేటాయించి, కొండపల్లి చుట్టుపట్ల కొండలకు పంపినచో, గోదావరి వారు తమ కొలువులలోని బొమ్మలకు ఋణము తీర్చుకొన్నవారగుదురు.

హోపీ, జూనీ బొమ్మల చరిత్రలో బొమ్మకు పేరు దొరకుటకును, చేతికి పేరు దొరకుటకును నడుమ అనేక సంవత్సరములు వ్యర్థముగా గడచినవి. ఆ నడిమి కాలమున ఎందరు శిల్పులు తమ పేరు మిగుల్చకయే గతించిరో లెక్కకు రాదు. కొండపల్లిలో నేటికిని ఉలి చప్పుడు వినబడుచున్నది. చెక్కువారు మన కండ్లయెదుట నున్నారు. అడిగినచో పేరు చెప్పుదురు. వచ్చు సంక్రాంతికి కొలువు పెట్టు ఇల్లాండ్రు, ఫొటోలు తీయు పిల్లలు ఆ పేరును ఒక్కసారి అడిగి వ్రాసియుంచినచో, మన బొమ్మల పుస్తకమునకు మొదటి పుట సిద్ధమైనట్లే.